స్క్రూ తిప్పితే సరిపోతుందా?



ఆడవాళ్ల కార్యక్రమంలో కారు ఇంజను సంగతేమిటని మీకు అనిపించవచ్చు. కుక్కరు విజిల్ రాకపోతే మనమే వాషరు తీసి చూస్తాం. గ్యాసు పొయ్యి సరిగా మండకపోతే బర్నరు కడుగుతాం. పిల్లల్ని ఎక్కించుకుని తిరిగే కారు వింతగా చప్పుడు చేస్తే మాత్రం, ‘ఆయన చూసుకుంటారులే’ అని ఊరుకుంటాం. నేనూ అలా ఊరుకున్నదాన్నే.

మాది నంద్యాల. మా ఆడబిడ్డ వాళ్లది ఆళ్లగడ్డ. మధ్య దూరం సుమారు 40 కిలోమీటర్లు. మా కారు పాతది, కార్బురేటర్ ఉన్న రకం. కొన్నాళ్లుగా ఎక్కడైనా ఆపితే చాలు, ఒకసారి వణికిపోయి ఆగిపోయేది. ఇంకోసారి ఏమీ తొక్కకుండానే రయ్యిమనేది. మెకానిక్కుకి చూపిస్తే రెండు నిమిషాల్లో ఒక స్క్రూ తిప్పి ఇచ్చేశాడు. బండి ఆగిపోవడం మానేసింది. హమ్మయ్య అనుకున్నాం.

వారం తిరక్కుండా ఆళ్లగడ్డ బయలుదేరాను. శిరివెళ్ల ఇంకా రాలేదు. ముందు బస్తాల ట్రాక్టరు పోతోంది. దాన్ని దాటుదామని ఆక్సిలరేటరు గట్టిగా తొక్కాను. దాటాక కాలు తీసేశాను. బండి తగ్గితేనా! వెనక సీట్లో పిల్లలు, ముందు ఇంకో లారీ. గుండె జారిపోయిందనుకోండి.

అలాంటప్పుడు చేయవలసింది చెబుతాను, గుర్తుపెట్టుకోండి. ముందు క్లచ్ పూర్తిగా తొక్కాలి. ఇంజను కేకలు పెడుతుంది, పెట్టనివ్వండి. చక్రాలకు మాత్రం ఆ బలం అందదు. గేరు న్యూట్రల్‌లోకి తీసి, బ్రేకు మాటిమాటికీ వదలకుండా ఒక్కసారే గట్టిగా తొక్కిపట్టాలి. ఎడమవైపు రోడ్డు పక్కకు తీసుకుని, బండి నిలబడ్డాక తాళం ఆపాలి. నడుస్తుండగా తాళంచెవి బయటికి లాగితే స్టీరింగు బిగుసుకుపోతుంది. ఆ పని ఎన్నడూ చేయకండి.

ఆళ్లగడ్డ నుంచి వచ్చిన మెకానిక్కు బానెట్ ఎత్తి అసలు సంగతి చూపించాడు. కార్బురేటర్ గొంతులో రూపాయి బిళ్లలాంటి రేకు ఒకటి ఉంటుంది. అదే థ్రాటిల్. మనం తొక్కితే కేబులు దాన్ని తెరుస్తుంది, వదిలితే స్ప్రింగు మూస్తుంది. మా కేబులులో రెండు పోగులు తెగి, గొట్టంలో ఇరుక్కుంటున్నాయి. అందుకే రేకు ఒక్కోసారి పూర్తిగా మూసుకోవడం లేదు, బండి రయ్యిమంటోంది. మరి ఆగిపోవడం ఎందుకంటే, కాలు తీసినప్పుడు ఇంజనుకి పెట్రోలు అందించే సన్నని జెట్టులో మడ్డి చేరింది. ఆ రంధ్రం అర మిల్లీమీటరుకు అటూ ఇటూ ఉంటుందంతే. బర్నరు రంధ్రాలు పూడితే సిమ్‌లో మంట టపటపలాడి ఆరిపోతుంది చూడండి, అదే తంతు. మొదటి మెకానిక్కు స్క్రూ తిప్పి రేకుని ఎప్పుడూ కాస్త తెరిచి ఉంచాడు. రెండు జబ్బులూ దాగాయి గానీ నయం కాలేదు.

మరి మనం ఇంట్లో చూసుకోగలిగిందేమిటి? ఇంజను ఆపి, చల్లారనివ్వండి. కొంగు నడుముకి దోపి, జడ ముడి వేసుకోండి. గాజులు తీసెయ్యండి, బ్యాటరీకి తగిలితే ప్రమాదం.

మొదట, ఆక్సిలరేటరు కింద మడత పడిన మ్యాట్ ఏదైనా అడ్డుపడుతోందేమో చూడండి. తర్వాత పెడలు పూర్తిగా తొక్కి వదలండి. టక్కున పైకి రావాలి. బద్ధకంగా వస్తే మెకానిక్కుతో కేబులు ఊడదీయించి, థ్రాటిల్ మీటను చేత్తో కదిపి చూడమనండి. మీట చటుక్కున మూసుకుంటే దోషం కేబులుది. మూసుకోకపోతే స్ప్రింగుది, లేదా మడ్డి పట్టిన కార్బురేటరుది. పోగులు తెగిన కేబులుకి నూనె రాసి సరిపెట్టవద్దు, కొత్తది వేయించండి.

ఇంజను నిలకడగా తిరగకపోతే ముందు చోక్ మీట లోపలికి నెట్టారో లేదో చూసుకోండి. తర్వాత ఎయిర్ ఫిల్టరు. ఆళ్లగడ్డ శిల్పుల వీధుల్లో రాతిపొడి, మన నల్లరేగడి దుమ్ము దాన్ని తొందరగా పూడుస్తాయి. రబ్బరు గొట్టాల దగ్గర బుస్సుమని చప్పుడు వస్తే గాలి దొంగదారిన పోతోందన్నమాట. ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ కలుస్తోంది. పాతకాలపు రబ్బరు దానికోసం చేసింది కాదు. కనుక పగిలిన గొట్టాలు, ఉబ్బిన వాషర్లు మార్పించండి. ఇవన్నీ సరిచేశాకే ఆ స్క్రూ జోలికి వెళ్లాలి. మామూలు చిన్న కారు ఇంజను ఊరికే తిరిగేటప్పుడు నిమిషానికి 800 నుంచి 1000 చుట్లు తిరిగితే చాలు.

ఇంకొక్క మాట. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడిపి చూడకండి. ఆ పొగలో వాసనలేని విషవాయువు ఉంటుంది.

కొత్త కార్లలో కార్బురేటరు లేదు, చాలావాటిలో ఆ కేబులూ లేదు. వాటికి ఎర్రర్ దీపం వెలిగితే కంప్యూటరు పెట్టి చూసేవారి దగ్గరికే వెళ్లాలి. పాత కారుకి అలాంటి దీపం లేదు. అది చేసే చప్పుడే దీపం. రోజూ దాంట్లో కూర్చునే మనకంటే ఆ చప్పుడు ఎవరికి బాగా తెలుస్తుంది? ఈసారి కారు వణికితే షెడ్డుకి మీరే వెళ్లండి. ‘స్క్రూ తిప్పేముందు కేబులు చూశావా నాయనా?’ అని అడగండి. అడగడానికి మొహమాటమెందుకు? వెనక సీట్లో కూర్చునేది మన పిల్లలే కదా!