విమానచోదక శిక్షణ: చేరుటకు ముందు తూచవలసినవి



చిరకాలము విమానములు నడిపి, పిమ్మట శిక్షకుడనై ఆ విద్యను యువజనులకు నేర్పిన నన్ను, తమ బిడ్డలను పైలెట్ చదువునకు పంపవచ్చునా యని మీ యూరి పెద్దలు పలువురు అడిగియున్నారు. దీనికి ఒక్కమాటలో బదులు చెప్పుట తగదు. ఏలయన జీతమును, భుజములపై బంగారుచారలను జూచి ఆ పదవిని తూచువారే గాని, దానికి ముందున్న శిక్షణదశను విడిగా తూచువారు అరుదు. మొదట తూచవలసినది ఆ దశనే యని నా దృఢాభిప్రాయము.

మన ప్రాంతమునకు ఈ వృత్తి కొత్తది కాదు. నిజాము ప్రభుత్వమును టాటాలును కలిసి నడిపిన దక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ బేగంపేట కేంద్రముగా వర్ధిల్లెను. అలహాబాదు ఫ్లయింగ్ క్లబ్బున నేర్చి 1947లో లైసెన్సు పొందిన ప్రేమ్ మాథుర్ అను యువతికి, స్త్రీకి విమానము నప్పగించుటకు ఇతరులు వెనుదీయుచున్న కాలమున, తావిచ్చినది ఈ సంస్థయే. అట్టి ప్రతిభావంతురాలును లైసెన్సు చేతబట్టుకొని వచ్చి, మొదట కో-పైలెట్ స్థానముననే కూర్చుండి పని నేర్చుకొనవలసివచ్చెను. లైసెన్సు విద్యకు ముగింపు కాదు.

నేటి క్రమము వినుడు. పదునెనిమిదేండ్లు నిండి, ఇంటర్మీడియెట్టులో గణిత భౌతికశాస్త్రములు చదివినవారు వాణిజ్య పైలెట్ లైసెన్సునకు అర్హులు. వైమానిక నియమములు, వాతావరణశాస్త్రము, మార్గనిర్ణయము, యంత్రవిజ్ఞానము మున్నగువానిలో పరీక్షలు నెగ్గి, చిన్న విమానములపై 200 గంటలు ఎగురవలెను. వానిలో నూరు గంటలు తానే అధిపతియై నడిపినవి కావలెను. తరువాత ఎయిర్‌బస్ 320 వంటి పెద్ద విమానమునకు టైప్ రేటింగ్ అను ప్రత్యేకశిక్షణ సిమ్యులేటరుపై జరుగును. అటుపిమ్మట నిజమైన ప్రయాణికులతో, శిక్షకుడైన కెప్టెన్ ప్రక్కన కూర్చుండి నేర్చుకొనుట. కెప్టెన్ కాగోరువానికి కావలసిన ఉన్నతశ్రేణి లైసెన్సునకు 1500 గంటల అనుభవము అవసరము.

ఇంతటి శిక్షణకు వ్యయము నేడు పెక్కుచోట్ల కోటి రూపాయలను ముట్టుచున్నది. విమానసంస్థలు క్యాడెట్లను ముందుగనే ఎంపికచేసికొను పద్ధతి యొకటి కలదు. దానియందు నియామకముపై కొంత ఆశ యుండును గాని, ఖర్చు సాధారణముగా అభ్యర్థిదే, సంస్థ ఇచ్చు మాటయు షరతులతో కూడినదే. కావున ఒప్పందములోని ప్రతి వాక్యమును, శిక్షణ మధ్యలో నిలిచినచో సొమ్మేమగునో తెలుపు భాగమును మరింత శ్రద్ధగను, చదువవలయును. విమానసంస్థయే నిలిచిపోవుటయు కలదు. కింగ్‌ఫిషర్ 2012లోను, జెట్ ఎయిర్‌వేస్ 2019లోను, గో ఫస్ట్ 2023లోను ఎగురుట మానినవి. అట్టి సమయములందు అనుభవజ్ఞులైన పైలెట్లే ఉద్యోగములకై వెదకుచుండగా, కొత్తగా లైసెన్సు పొందినవాడు వారి వెనుక నిలువవలసినవాడగును. శిక్షణకై తెచ్చిన అప్పుపై వడ్డీ మాత్రము అతనికొరకు ఆగదు.

కాబట్టి నా సలహా అంతయు క్రమమును గూర్చినది. బావి త్రవ్వించువాడు ముందు నీటిజాడ చూచును గదా! అట్లే స్వల్పవ్యయముతో తేలిపోవు సంగతులను ముందు తేల్చుకొని, తిరిగిరాని వ్యయమును కడపటికి నిలుపుకొనుడు. మొదటిది వైద్యపరీక్ష: చూపు, వర్ణగ్రహణము, వినికిడి, గుండె మొదలగువాని నన్నిటిని పరీక్షించి ఇచ్చు ప్రథమశ్రేణి యోగ్యతాపత్రము లేనిదే ఈ వృత్తి లేదు. తరువాత గ్రంథపరీక్షలు; వానిని ఇంటిపట్టున చదివియే వ్రాయవచ్చును. ఆపైన శిక్షణాలయమునకు స్వయముగా పోయి, ఎన్ని విమానములు ఎగురుచున్నవో, శిక్షకులెందరో, 200 గంటలు పూర్తిచేయుటకు పూర్వవిద్యార్థులకు ఎంతకాలము పట్టినదో వారినే అడుగుడు.

ఇవి యన్నియు సరిపోయినను, బిడ్డ స్వభావమును తూచుట మిగిలియేయుండును. ఉద్యోగమున చేరినపిదపను పైలెట్టు ఆరునెలలకొకమారు సిమ్యులేటరులో ఇంజను చెడినట్లును, పొగ కమ్మినట్లును కల్పించిన ఆపదలలో తన నేర్పును నిరూపించుకొనవలెను. తప్పును ఎత్తిచూపినప్పుడు నొచ్చుకొనక, దానిని దిద్దుకొనుటయందే సంతోషపడువానికి ఈ వృత్తి ఉత్తమమైన జీవితము. విద్యార్థిదశను త్వరగా దాటిపోవలెనని తొందరపడువానికి, జీతమెంత పెద్దదైనను, ఇది జీవితాంతపు శ్రమయే యగును. తప్పును సంతోషముతో దిద్దుకొను స్వభావము గల బిడ్డ, కొడుకైనను కూతురైనను, యోగ్యతాపత్రము చేతబట్టి వచ్చిననాడు నిండుమనస్సుతో పంపుడు. అంతకు పూర్వము మాత్రము పొలముపై అప్పు తేవలదు.