సంతానలేమియు, సూర్యరశ్మియు
(జైనూరు వార్షిక మహాసభయందలి ఉపన్యాసము)



నేడు నేను మాటలాడబోవు విషయము సభలయందు సాధారణముగా నెత్తుకొనునది కాదు. స్త్రీలున్నచోట దీనిని ప్రస్తావింపవచ్చునా యని కొందరు మిత్రులు సందేహించిరి. వారున్నందుననే ప్రస్తావింపవలయునని నేనంటిని. బిడ్డలు కలుగనప్పుడు నిందయంతయు మోయుచున్నది వారే కదా!

నేను వైద్యుడను గాను. సంస్కృతము చెప్పి బ్రతికినవాడను. అమరకోశమున పుంలింగమందలి వంధ్యశబ్దము కాయని చెట్టునకు చెప్పబడినది. తెలుగున గొడ్రాలు అను మాట ప్రతి వాకిటను వినబడును. పురుషునకు దాని జోడుమాట వాడుకలో అరుదు. ప్రకృతి మాత్ర మీ పక్షపాతము నెరుగదు. సంతానము లేని దంపతులలో సుమారు సగముమంది విషయమున పురుషుని లోపము కారణముగనో, కారణములలో నొకటిగనో ఉండునని వైద్యులు చెప్పుదురు. సుశ్రుతుడును గర్భమునకు ఋతువు, క్షేత్రము, అంబువు, బీజము నాలుగును వలయుననెను. క్షేత్రమునే శోధించి బీజమును విడుచుట ఏ శాస్త్రము?

ఇక డి విటమిను మాట. ఎండలోని అతినీలలోహిత కిరణములు తాకినపుడు చర్మమే దీనిని నిర్మించుకొనును. ఎముకలకిది ముఖ్యమని చిరకాలముగా తెలిసినదే. వృషణములయందును, శుక్రకణములయందును దీనిని గ్రహించు స్థానములు గలవని తరువాత తెలిసినది. 2011లో డెన్మార్కు పరిశోధకులు 300 మంది పురుషులను పరీక్షించి, ఈ విటమిను మిక్కిలి కొరవడినవారిలో శుక్రకణముల చలనము మందముగా నుండుట గమనించిరి.

ఇది విని మందులంగడికి పరుగిడవలదు. ఆ దేశమువారే 330 మంది సంతానహీనులలో కొందరికి విటమినును, కొందరికి ఉత్తి మాత్రలను 150 దినము లిచ్చి, 2018లో ఫలితమును ప్రకటించిరి. శుక్రపు నాణ్యతలో భేదము కానరాలేదు. కణములు తక్కువగా నున్న వర్గమున మాత్రము విటమిను పుచ్చుకొన్నవారిలో హెచ్చుమందికి సంతానము కలిగినది. అయినను ఒక చిన్న వర్గపు ఫలితముపై మేడ కట్టరాదు. లోపమున్నవాడు పూరించుకొనవలసినదే కాని, ఇది పుత్రకామేష్టి కాదు. 60,000 యూనిట్ల పొట్లములను వైద్యుని యడుగక నెలలతరబడి మ్రింగినచో నెత్తుట కాల్షియము హెచ్చి మూత్రపిండములు చెడును.

ఇంత ఎండగల దేశమున లోపమేమని యడుగుదురేమో! తిరుపతి ప్రాంతమున జరిపి 2007లో ప్రకటించిన పరిశీలనలో పల్లెవాసులు పట్టణవాసులకంటె మేలుగా నున్నను, వారిలోను అనేకులకు లోపము కనబడినది. మన ప్రత్తిచేలలో పనిచేయువారికి ఎండ దక్కును. అంగడిలోను కచేరీలోను కూర్చుండువారి కది దక్కదు. అద్దము చాటున కూర్చుండినను ఫలము లేదు. ప్రాతస్సంధ్యలో అర్ఘ్యమిచ్చు వేళ భక్తికి ప్రశస్తమే గాని, అప్పటి లేతయెండలో ఆ కిరణములు మిక్కిలి స్వల్పము. తిరుపతి పరీక్షలో పదునొకండు మొదలు రెండు గంటలవరకు గల కాలమే అనుకూలమని తేలినది. మార్గశిర పుష్యములలో అట్టి యెండ మనకు హాయియే. జ్యేష్ఠమున వడదెబ్బ తెచ్చుకొనరాదు.

పురుషపరీక్ష సులభము. రెండు మొదలు ఏడు దినముల నియమముతో శుక్రమును పరీక్షకీయవలయును. లోపము కనబడిన మరల చేయించవలయును. కొత్తకణములు సిద్ధమగుటకు సుమారు రెండున్నర నెలలు పట్టును గనుక, పొగాకు మానిన మరునాడే ఫలము వెదకరాదు.

1955 నాటి హిందూ వివాహచట్టము భార్య యుండగా రెండవ పెండ్లిని నిషేధించినది. అయినను బిడ్డలు లేరను నెపమున కోడలిని పుట్టింటికి పంపు పెద్దలింకను గలరు. అట్టి తగవు మన సంఘపెద్దల యెదుటికి వచ్చినపుడు, మొదట భర్త పరీక్షాపత్రమును చూపుమని యడుగవలయునని నా ప్రతిపాదన. దీనిని తీర్మానముగా స్వీకరింప అధ్యక్షులను ప్రార్థించుచున్నాను.