సరుకుల బండికి తగిన ఇంజను



ఎడ్లజతను కొనబోవు రైతు సంతలో ఏమి చేయునో మేము మీకు చెప్పవలసిన పనిలేదు. పండ్లు చూచును, గిట్టలు చూచును, నాలుగడుగులు నడిపించి చూచును. అన్నిటికంటె ముందు తన చేను ఎంతటిదో, తన ఇంట మేత ఎంత కలదో తలచుకొనును. ఇంతటి వివేకము గల రైతే సరుకుల మోటారు బండిని కొనునపుడు మాత్రము "ఇంజను పెద్దది కావలెను" అను ఒక్క మాటను పట్టుకొనుచున్నాడు. నేడు మేము ముచ్చటింపదలచినది ఆ మాటను గురించియే.

2005వ సంవత్సరమున టాటా వారు "ఏస్" అను చిన్న బండిని విడుదల చేసిరి. జనులు దానికి "చోటా హాథీ" అని పేరు పెట్టిరి. ఆనాడు దానిలో నుండినది 702 ఘన సెంటీమీటర్ల డీజిలు ఇంజను. సిలిండర్లు రెండు, బలము 16 అశ్వశక్తులు. ఇండికా కారు యొక్క నాలుగు సిలిండర్ల ఇంజనును సగము చేసినట్టిది. ఇంత చిన్న ఇంజను ముప్పాతిక టన్ను సరుకును లాగునా యని పలువురు సందేహించిరి. లాగినది. ఎట్లు లాగినదో లెక్క చూతము.

బండియు సరుకును కలిసి 1,550 కిలోలు అనుకొందము. సమముగా నున్న తారు రోడ్డుపై గంటకు 40 కిలోమీటర్ల వేగమున పోవుటకు చక్రముల రాపిడికిని గాలి ఒత్తిడికిని కలిపి సుమారు 5 అశ్వశక్తులు చాలును. పదడుగులకు ఒక అడుగు లేచు ఎత్తును గంటకు 20 కిలోమీటర్ల వేగమున ఎక్కుటకు సుమారు 13 కావలెను. గేర్లలో పోవు నష్టమును తీసివేసినను 16 అశ్వశక్తుల ఇంజను గట్టెక్కును. అంతకు మించి మిగులు లేదనుటయు నిజమే.

ఇక పెద్ద ఇంజను సంగతి. బొలెరో పికప్ వంటి బండ్లలో 2,500 ఘన సెంటీమీటర్లకు పైబడిన ఇంజను కలదు. టన్నుకు మించిన సరుకును నిత్యము మోయువానికి అది తగినదే. కాని సరుకు సగమే యున్నను ఆ పెద్ద పిస్టన్లను, ఇరుసును త్రిప్పుటకు నూనె ఖర్చు కాకతప్పదు. పని లేని నాడును పెద్ద ఎద్దు పెద్ద మేతనే మేయును గదా! దినమునకు 80 కిలోమీటర్లు తిరుగువానికి చిన్న ఇంజను 4 లీటర్లతోను, పెద్దది 6 లీటర్లతోను సరిపెట్టిన దనుకొన్నను, నెలకు 25 దినముల తిరుగుడులో 50 లీటర్లు తేడా వచ్చును. బ్యాంకు వాయిదాను కట్టవలసినది ఆ సొమ్ముతోనే.

మదనపల్లె టమాటా మార్కెట్టునకు సరుకు తోలుకొను ఒక యువకుని మే మెరుగుదుము. పెట్టెకు 25 కిలోల వంతున 30 పెట్టెలు నిండిన దినములే ఆతనికి ఎక్కువ. అనగా 750 కిలోలు. అయినను స్నేహితుల మాటపై పెద్ద బండిని వాయిదాలకు కొనెను. ధర పడిపోయిన ఋతువులో బాడుగలు తగ్గెను, వాయిదా తగ్గలేదు. మూడవ ఏట అప్పిచ్చినవారు బండిని తోలుకొనిపోయిరి. పెద్ద లోడు ఆతనికి ఏటా పట్టుమని పది దినములైన పడలేదు. ఆ పది దినములకు బాడుగ బండి దొరకకపోదు.

అయితే మా పొరపాటును కూడ చెప్పవలెను. ఒకప్పుడు పాడేరు ప్రాంతమున ఇదే ప్రసంగము చేసి నవ్వులపాలైతిమి. సభ చివర ఒక పెద్దాయన లేచి, "బాబూ, తమరు మా ఘాటీ ఎక్కే వచ్చారు గదా!" అనెను. మేము వచ్చినది జీపులో. పసుపు, మిరియాలు, కాఫీ బస్తాలతో దినదినము ఘాటు రోడ్డున తిరుగువానికి చిన్న ఇంజనును సలహా యిచ్చుట తప్పేయని నాడే ఒప్పుకొంటిమి. అట్టివారికి నడుమ రకములును కలవు. 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్ సుమారు ఒకటిన్నర లీటరు ఇంజనుతో టన్నుంబావు మోయుటకై చేసినది.

చిన్న బండికి శత్రువు చిన్న ఇంజను కాదు, మితిమీరిన లోడు. ముప్పాతిక టన్ను బండిలో టన్నున్నర వేసినచో మొత్తము 2,300 కిలోలగును. పైన చెప్పిన ఎత్తును అదే వేగమున ఎక్కుటకు సుమారు 20 అశ్వశక్తులు కావలెను. ఉన్నవి 16. ఇక మొదటి గేరులో మూలుగుచు ఎక్కవలెను, క్లచ్చి కాలును, నీరు మరగును. దిగునపుడు బ్రేకుల సంగతి చెప్పనక్కరలేదు. దీనికి తోడు 2019 నాటి సవరణ చట్టము అధిక బరువునకు 20,000 రూపాయల జరిమానాను, మించిన ప్రతి టన్నునకు మరి 2,000 రూపాయలను విధించినది. చిన్న బండ్లకు ఒక వెసులుబాటు మాత్రము కలదు. మొత్తము బరువు 3,000 కిలోలకు మించని సరుకుల బండికి మోటారు వాహనముల చట్టము ప్రకారము పర్మిటు అక్కరలేదు.

కావున కొనుటకు ముందు ఒక నెలపాటు ఏ దినమున ఎన్ని కిలోలు, ఎంత దూరము తోలితిరో పిల్లల నోటు పుస్తకములో వ్రాయించుడు. ఖాళీ బండిని దుకాణము ముందు త్రిప్పి చూచిన ప్రయోజనము లేదు. మీ సరుకునే వేసి, మీ దారిలోని ఎత్తున సగములో ఆపి, మరల కదలించి చూడుడు. అమ్మువాడు అందులకు ఒప్పుకొననిచో, అట్టి బండి గల పొరుగూరి వానిని ఒక పూట బాడుగకు పిలిచి, ప్రక్కన కూర్చుండి, ఆతడు ఎన్నిమారులు గేరు దించుచున్నాడో లెక్కపెట్టుకొనుడు.