తాయెత్తుకు రసీదు ఉండదు

ఈ ఉపన్యాసం ఎవరి పేరిట ఏర్పాటైందో ఆ పెద్దాయన ఫీజు ఇచ్చుకోలేనివాళ్ల క్రిమినల్ కేసులే ఎక్కువ నడిపారు. అందుకే పొగడ్తలు తగ్గించి ఆయన పని గురించే మాట్లాడతాను.

మతిస్థిమితం లేక, తానేం చేస్తున్నాడో, అది తప్పో ఒప్పో తెలియని స్థితిలో చేసింది నేరం కాదు. నిన్నటిదాకా ఐపీసీ 84, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 22. నంబరు మారింది, చిక్కు మారలేదు. రుజువు భారం ముద్దాయిదే. పట్నం ముద్దాయి అయితే వాళ్లన్న ఓ ఫైలు తెస్తాడు: మందుల చీటీలు, డిశ్చార్జి సమ్మరీ. చర్ల అవతలి గూడెం మనిషి దగ్గర ఏముంటుంది? దండకు కట్టిన తాయెత్తు. రాత్రుళ్లు నిద్రపోక అడవిలోకి వెళ్లిపోతుంటే గాలి సోకిందని ఇంట్లోవాళ్లు కోడిని కోయించి ఉంటారు. వాళ్లను తప్పుపట్టలేం, చేతికందే వైద్యం అదే. కానీ తాయెత్తుకు రసీదు ఉండదు. కోర్టుకు కాగితం కావాలి.

ఆ కాగితం పుట్టాల్సిన చోటు రిమాండుకు ముందు తీసుకెళ్లే ప్రభుత్వాసుపత్రి. అక్కడి తంతు మనకు తెలిసిందే. కానిస్టేబులు మనిషిని బల్ల ముందు నిలబెడతాడు. డ్యూటీ డాక్టరు బీపీ చూస్తాడు, చొక్కా ఎత్తించి దెబ్బలున్నాయేమో చూస్తాడు, సంతకం పెడతాడు. నిద్ర పడుతోందా, చెవిలో ఎవరైనా మాట్లాడుతున్నారా అని అడిగేవాళ్లు అరుదు. అడిగినా తెలుగులో అడుగుతారు, అతనికి వచ్చింది కోయ భాష. ఏ ఆర్నెల్లకో మానసిక వైద్యుడు చూసేసరికి మనిషి కాస్త కుదుటపడి ఉంటాడు. ‘చక్కగా జవాబు చెబుతున్నాడు కదండీ’ అంటారు పబ్లిక్ ప్రాసిక్యూటరుగారు.

2007లో బాపు అలియాస్ గజరాజ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట చెప్పింది. ముద్దాయికి పూర్వం మతి చలించిన చరిత్ర ఉందని దర్యాప్తులో తెలిస్తే, వైద్య పరీక్ష చేయించి ఆ సాక్ష్యం కోర్టు ముందుంచడం దర్యాప్తు అధికారి బాధ్యత. చేయకపోతే అది ప్రాసిక్యూషన్‌కే లోపం. ఈ తీర్పును మనవాళ్లు వాడుకోవాల్సినంత వాడుకోవడం లేదు.

విచారణకే పనికిరాడని పక్కన పెట్టినవాడి గతి మరీ ఘోరం. అస్సాంలో మాచాంగ్ లాలుంగ్ అనే గిరిజనుణ్ణి 1951లో పట్టుకుని తేజ్‌పూర్ మానసిక ఆసుపత్రికి పంపారు. బాగయ్యాడని 1967లో వైద్యులు రాసిచ్చారు. బయటికొచ్చింది 2005లో, ఒక్క రూపాయి పూచీకత్తు మీద.

నేరం దాకా రాకముందే ఆదుకునే దారీ చట్టంలో ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం సెక్షన్ 100 ప్రకారం దారితప్పి తిరిగే రోగిని లాకప్పులో పెట్టకూడదు, 24 గంటల్లో ఆసుపత్రికి చేర్చాలి. హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి దూరం, ఎస్కార్టు దొరకదు అనే సాకు ఇక్కడ చెల్లదు. చట్టం అన్నది దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రి అని. కొత్తగూడెంలో 2022 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీయే ఉంది.

నేనడిగేది చిన్న ఏర్పాటు. ముందు హత్య కేసులతోనే మొదలుపెడదాం. రిమాండుకు ముందు ముద్దాయిని మానసిక వైద్యుడు ఒకసారి చూడాలి. పక్కన కోయ తెలిసిన మనిషి ఉండాలి. ఆ మనిషికిచ్చే రోజు భత్యం జిల్లా న్యాయసేవాధికార సంస్థ భరించాలి. మన బార్ అసోసియేషన్ నుంచి అర్జీ ఈ నెలలోనే వెళ్లాలి.