ఇంజను ఊపిరి



మోటారు కారునకు బలము ఎక్కడినుండి వచ్చునని అడిగినచో, పెట్రోలునుండి యని యెవరైనను చెప్పుదురు. అది సగము మాటయే. కమ్మరి తన కొలిమిలో బొగ్గులు గుట్టగా పోసినంతమాత్రమున ఇనుము ఎఱ్ఱబడదు, తిత్తి ఊదవలెను. ఇంజనుకూడ ఒక కొలిమియే. దానికి బొగ్గు పెట్రోలు; దాని ఊపిరి గాలి. వేగమునకై నిర్మింపబడిన పాత కారులకు ఈ ఊపిరిని మెరుగుపరచు విధమెట్టిదో, అందలి లాభనష్టము లెట్టివో నేటి ప్రసంగములో మనవి చేసెదను.

1 కిలో పెట్రోలు సంపూర్ణముగా కాలుటకు ఇంచుమించు 14.7 కిలోల గాలి కావలెను. మరియొక విధముగా చెప్పవలెనన్న, 1 లీటరు పెట్రోలునకు సుమారు 9000 లీటర్ల గాలి. పెట్రోలు ద్రవము గనుక సన్నని గొట్టముద్వారానే కావలసినంత అందింపవచ్చును. గాలి సంగతి యట్లు కాదు. పిస్టను సిలిండరులో క్రిందికి దిగునప్పుడు ఏర్పడు ఖాళీలోనికి బయటి గాలి తనంతట తాను చొరబడవలెను. నిమిషమునకు 3500 మారులు తిరుగు ఇంజనులో పిస్టను ఒక్కమారు దిగుటకు పట్టు కాలము సెకనులో నూరవ వంతుకంటెను తక్కువ. ఆ లిప్తపాటులో ఎంత గాలి లోనికి పోవునో, దానికి తగినంత పెట్రోలే కాలును. అంత బలమే పుట్టును. కావుననే వేగముగల కారులను నిర్మించువారి ప్రయత్నములో పెద్దభాగము ఈ ఊపిరిని పెంచుటయందే వినియోగమగుచుండును.

ఊపిరి పెంచుటకు రెండు మార్గములు కలవు. గాలి వచ్చు దారిలోని అడ్డులను తొలగించుట మొదటిది. గాలిని బలవంతముగా లోనికి త్రోయుట రెండవది. వీని తారతమ్యమును గ్రహించుటకు ఇంగ్లండునందలి బెంట్లీ కారుల వృత్తాంతము మంచి నిదర్శనము.

వాల్టరు ఓవెన్ బెంట్లీ యనునాయన మొదట రైలు ఇంజనుల కార్ఖానాలో పని నేర్చినవాడు. 1919వ సంవత్సరమున తన పేర కారుల కంపెనీని స్థాపించెను. ఆ కాలపు సాధారణపు ఇంజనులలో ప్రతి సిలిండరునకు గాలి వచ్చుటకు ఒక వాల్వు, పొగ పోవుటకు ఒక వాల్వు ఉండెడివి. బెంట్లీ వీనిని రెండేసి చొప్పున నాలుగు అమర్చెను. రెండు వాకిళ్లున్న సత్రములోనికి జనము తొందరగా ప్రవేశించినట్లు, గాలి సులభముగా లోనికి పోయెను. ఆయన నిర్మించిన నాలుగున్నర లీటర్ల కారులో నాలుగు సిలిండర్లు. వాని మొత్తము పరిమాణము 4398 ఘన సెంటీమీటర్లు. దాని బలము 110 అశ్వశక్తులు. పందెములకు సవరించినప్పుడు 130. ఫ్రాన్సు దేశమున లే మాన్స్ పట్టణమువద్ద జరుగు 24 గంటల పందెమును ఆ కారు 1928లో గెలిచెను. ఇది మొదటి మార్గము.

హెన్రీ బర్కిన్ అను పందెపుకాడు దీనితో తృప్తి పడలేదు. ఆయనకు రెండవ మార్గముపై మనస్సు పోయెను. ఆంహెర్స్ట్ విలియర్స్ అను ఇంజనీరు రూపొందించిన సూపర్‌చార్జరును, అనగా గాలి నూదు యంత్రమును, అదే నాలుగున్నర లీటర్ల ఇంజనునకు తగిలింపించెను. ఒక గట్టి పెట్టెలో రెండు దిమ్మలు ఒకదానినొకటి తాకకుండ, మిక్కిలి దగ్గరగా తిరుగుచు, గాలి పెట్రోలు మిశ్రమమును ఇంజనులోనికి త్రోయుచుండును. అది రేడియేటరునకు ముందుగా, కారు ముక్కువలె బయటికే కనబడుచుండును. దీనివలన మామూలు కారు బలము 175 అశ్వశక్తులకును, పందెపు కారు బలము 240 అశ్వశక్తులకును పెరిగెను. ఈ పనికి కావలసిన ధనమును డొరొతీ పేజెట్ అను సంపన్న స్త్రీ సమకూర్చెను.

బెంట్లీ దీనికి సమ్మతింపలేదు. బలము కావలసినచో ఇంజను పరిమాణమునే పెంచవలెను గాని, ఉన్న ఇంజనును బలవంతపెట్టరాదని ఆయన మతము. తన మతము ననుసరించియే ఆరు సిలిండర్ల పెద్ద కారును, స్పీడ్ సిక్స్ అనుదానిని, నిర్మించెను. అయినను కంపెనీ అధ్యక్షుడైన వూల్ఫ్ బర్నాటో బర్కిన్ పక్షమున అంగీకరించుటచేత, పందెపు నియమమును తీర్చుటకై ఊదుడు యంత్రముగల కారులు 50 తయారయ్యెను.

1930 జూన్ నెలలో లే మాన్స్ పందెమున రెండు మతములును ఒకే బాటపై పరీక్షకు నిలిచెను. బర్కిన్ తన కారును అత్యంత వేగముతో నడపి, జర్మనీవారి గొప్ప మెర్సిడెస్ కారును దాటెను, చూచినవారు ఆశ్చర్యపడిరి. కాని 24 గంటలు నిండకముందే ఊదుడు యంత్రముగల బెంట్లీలు రెండును ఇంజనులు చెడి ఆగిపోయినవి. గెలుపు బర్నాటో, గ్లెన్ కిడ్‌స్టన్ నడపిన స్పీడ్ సిక్స్‌నకు దక్కెను. రెండవ స్థానముకూడ మరియొక స్పీడ్ సిక్స్‌దే.

ఇంతమాత్రముచే బర్కిన్ ప్రయత్నము వ్యర్థమని తీర్పు చెప్పరాదు. అదే సంవత్సరము పో పట్టణమున జరిగిన ఫ్రెంచి గ్రాండ్ ప్రీ పందెములో, తేలికయైన బుగాటీల నడుమ, ఆయన తన బరువైన బెంట్లీతో రెండవవాడుగా నిలిచెను. 1932లో బ్రూక్‌లాండ్స్ బాటపై, ఒక్కరు మాత్రమే కూర్చుండు ఊదుడు బెంట్లీతో గంటకు 137.96 మైళ్ల వేగమును సాధించెను. కొద్దిసేపటి వేగమునకు ఆ మార్గము పనికివచ్చెను. దీర్ఘకాలపు ఓర్పునకు వచ్చినప్పుడు ఇంజను తాళలేదు. కారణము సులభము. గాలిని నొక్కినకొలది అది వేడెక్కును. ఎక్కువ మిశ్రమము కాలినకొలది పిస్టనులకును వాల్వులకును వేడియు, ఒత్తిడియు పెరుగును. తిత్తిని రెట్టింపు బలముగా ఊదదలచినవాడు కొలిమి గోడల గట్టితనమునుగూడ విచారించుకొనవలెను.

ఇక నేడు పాత వేగపు కారును ఉంచుకొన్నవారు ఏమి చేయవలెను? ఊదుడు యంత్రముకొఱకు వెదకుటకు ముందు, తన ఇంజను పీల్చు గాలి ఎట్టిదో చూచుకొనవలెను. మొదట వేడిమి. గాలి వేడెక్కినకొలది పలుచనగును. సుమారు 3 సెంటీగ్రేడు డిగ్రీలు పెరిగినచో దాని సాంద్రత నూటికి ఒక పాలు తగ్గును. కొందరు అసలు ఫిల్టరు పెట్టెను పెరికివేసి, చూచుటకు ఇంపైన ఫిల్టరును ఇంజను ప్రక్కనే విప్పారబెట్టుదురు. శబ్దము గంభీరముగానే ఉండును. కాని అది పీల్చునది ఇంజను కాచిన గాలి. ఆ గాలి బయటి గాలికంటె 30 డిగ్రీలు ఎక్కువ వేడిగా నున్నచో, బలములో పదింట ఒకవంతు వరకు నష్టము కలుగవచ్చును. కావున కారు ముందుభాగమునుండి చల్లని గాలి వచ్చునట్లు, వంపులు తక్కువగా, వెడల్పు తగ్గకుండ గొట్టము నమర్చవలెను. అయితే దాని నోరు నేలకు మిక్కిలి దగ్గరగా ఉండరాదు. వాన నీటిలో కారు పోవునప్పుడు ఇంజను నీటిని పీల్చినచో, నీరు నొక్కుడుపడదు గనుక, పిస్టనును మోయు కడ్డీలు వంగిపోవును.

రెండవది అడ్డు. దీనిని ఊహించుట కంటె కొలుచుట మేలు. వంచిన పారదర్శకపు గొట్టములో సగము నీరు పోసి, ఒక కొనను ఫిల్టరునకును కార్బ్యురేటరునకును నడుమ కలిపి, రెండవ కొనను బయటి గాలికి విడిచి, ఇంజను పూర్తి బలముతో పనిచేయునప్పుడు రెండు వైపుల నీటిమట్టముల భేదమును చూడవలెను. నీరు ఇంజనులోనికి పోకుండునంత పొడవు గొట్టమునకు ఉండవలెను. 10 సెంటీమీటర్ల భేదము వాయుమండలపు ఒత్తిడిలో నూటికి ఒక పాలునకు సమానము. భేదము స్వల్పమైనచో ఫిల్టరును మార్చుటవలన ప్రయోజనము లేదు. ఎక్కువైనచో దోషము ఫిల్టరుదో, గొట్టముదో ఒక్కొక్కచోట కొలిచి తెలిసికొనవచ్చును.

మూడవది పొత్తు. గాలి పెరిగినప్పుడు పెట్రోలునుగూడ దానికి తగినట్లు పెంచవలెను. పెట్రోలు చాలనిచో మంట మితిమీరి వేడెక్కి, పిస్టనుకే చిల్లిపడవచ్చును. కార్బ్యురేటరుగల కారులలో స్పార్కు ప్లగ్గులను విప్పిచూచుట పాత పద్ధతి. లేత గోధుమరంగు మంచిది; తెల్లబారినచో పెట్రోలు చాలదు; నల్లని మసి పట్టినచో ఎక్కువ.

అన్నిటికంటె ముఖ్యమైనది దుమ్ము. నేల దుమ్ములో ఇనుముకంటె గట్టియైన ఇసుకరేణువులుండును. అవి ఇంజను నూనెతో కలిసి సాన పట్టు ముద్దవలె సిలిండరును అరగదీయును. పాత కారులలో రబ్బరు గొట్టములు పగిలి, బిగింపులు సడలి యుండును. ఫిల్టరు తరువాత ఒక్క చీలిక యున్నను, ఫిల్టరు ఎంత మంచిదైనను నిరర్థకమే. బలము పెరుగునని ఫిల్టరును తీసివేసి నడుపుట, కన్నమున్న కుండకు నీరు మోయుటవంటిది. అట్టి కారునకు తిరిగి సిలిండర్లను గాని, పిస్టనులను గాని సంపాదించుట కష్టము.

ఈ మాట పందెపు కారులకే పరిమితమైనది కాదు. కల్లములో నూర్పిడివేళ దుమ్ము రేగుచుండగా పనిచేయు మన ట్రాక్టరులకును, చేలలోని ఆయిలు ఇంజనులకును ఇదియే న్యాయము. ఫిల్టరు క్రింది గిన్నెలో నూనె యుండు రకమైనచో, నూనె మట్టమును గురుతువరకు ఉంచి, అడుగున మడ్డి చేరినప్పుడు మార్చవలెను. గొట్టపు బిగింపులను తరచు చేతితో తడవి చూడవలెను.

చల్లని గాలి, శుభ్రమైన గాలి, అడ్డులేని దారి: ఈ మూడును మొదట సమకూర్చుడు. పిదప ఇంకను బలము కావలసినచో, ఆ బలమును ఇంజను ఎంతకాలము మోయగలదో విచారించి ముందునకు సాగుడు.