సస్తా జమానా ఎవరిది?

(విశ్రాంత ఉద్యోగులు, విద్యార్థులు కలిసి జరుపుకున్న సభలో ఒక జర్నలిస్టు చేసిన ప్రసంగ పాఠం)



నాకన్న ముందు మాట్లాడిన సారు పాత ధరలన్నీ యాది చేసిండు. అణాకు చాయ్, చారాణాకు సినిమా అంటుంటె ముందు వరుసల పెద్దమనుషుల మొకాలు వెలిగినయి. నాక్కూడ మంచిగనే అనిపించింది. మా అమ్మను కన్న తాత గూడ గిట్లనే చెప్పేటోడు. తాలూకా కచేరీల గుమాస్తా ఆయన. హాలీ సిక్కాల జీతం తీసుకున్న తరం.

తమ్ముళ్ళకు హాలీ అంటె తెల్వకపోవచ్చు. హైదరాబాద్ రాష్ట్రానికి సొంత రూపాయి ఉండె, అది హాలీ. బ్రిటిష్ ఇండియా రూపాయిని కల్దార్ అనేటోళ్ళు. 1948ల పోలీస్ చర్య అయినంక గూడ కొన్నేండ్లు రెండూ నడిచినయి. ఏడు హాలీలకు ఆరు కల్దార్లు మారకం. అంటె వంద హాలీలు పట్టుకపోతె చేతికొచ్చేది ఎనభై అయిదు కల్దార్లు, పైన పదకొండు అణాలు. 1957 ఏప్రిల్ 1 నుంచి పదహారణాల రూపాయి పోయి నూరు నయా పైసల రూపాయి వచ్చింది. 1959ల హాలీ పూర్తిగ రద్దయింది. ఆ ఏండ్లల్లనే సేరు పోయి కిలో వచ్చింది. నడుమ 1956 నవంబర్ 1న రాష్ట్రమే మారిపాయె. పదేండ్లల్ల సిక్కా, తూకం, సర్కారు మూడూ మారినయి. అందుకే పాత ధర ఎవరన్న చెప్తె నేను మూడు ముచ్చట్లు అడుగుత. ఏ రూపాయి? ఏ తూకం? ఏ ఏడు? మా తాతకు ఈ ప్రశ్నలంటె కోపం. "నీకెందుకురా గవన్ని, సస్తాగుండె అంటున్న గద" అనేటోడు.

నాలుగో ప్రశ్న నేను ఆయన్ని ఎన్నడూ అడగలేదు. ఆ రూపాయి ఎవరి చేతిల ఉండె?

బంగారం లెక్క చూద్దాం, ఎందుకంటె పెద్దలకు అది ఇష్టం. 1950ల పది గ్రాములు సుమారు వంద రూపాయలు. మొదటి వేతన సంఘం 1947ల కేంద్ర సర్కారు కొలువుల అందరికన్న కింద ఉండే మనిషికి కరువు భత్యం కలిపి 55 రూపాయలు ఖాయం చేసింది. అంటె బంట్రోతు రెండు నెలల జీతం పది గ్రాములు. ఏడో వేతన సంఘం ఆ కింది జీతాన్ని 18,000 చేసింది. 2025ల పది గ్రాములు లక్ష దాటింది. కరువు భత్యం కలిపినా మూడు నెలల జీతం చాలదు. బంగారం కాడ మాత్రం తాతలే గెలిచిండ్రు, ఒప్పుకోవాలె.

కని కొలువు లేనోళ్ళ సంగతేంది? 1950-51ల సర్కారు దేశమంత వ్యవసాయ కూలీల మీద విచారణ చేయించింది. మగ కూలీకి దినానికి సగటు కూలి ఇప్పటి లెక్కల 109 పైసలు, ఆడ కూలీకి 68. పని దొరికింది ఏడాదికి 200 దినాలు. ఇల్లు మొత్తం ఆదాయాన్ని తలకింత పంచితె ఏడాదికి 104 రూపాయలు. మనిషి ఏడాది బతుకంత కలిపితె పది గ్రాముల బంగారం! ఇంకో సంగతి వినుండ్రి. 1956-57ల మళ్ళ లెక్క తీస్తె మగ కూలి 96 పైసలకు, ఆడ కూలి 59కి పడిపోయింది. మనం బంగారు కాలం అని యాది చేసుకునే ఏండ్లు అవే.

ఇది దేశం సగటు. మన పల్లెలల్ల చానా మందికి ఆ పైసలు గూడ లేవు. మా నాయన తరపు తాత దొర దగ్గర జీతం ఉన్నడు. జీతం అంటె నెలకు రూపాయలు కాదు. ఏడాదికి ఇన్ని కుంచాల జొన్నలు, ఒక గొంగడి, చెప్పుల జోడు. యుద్ధ కాలంల లెవీ పేరు మీద ధాన్యం కొలిపిచ్చుకపోయిన ముచ్చట మా నాయనమ్మ చెప్పేది. ఆమెకు ఒక్క ధర గూడ యాదికి లేకుండె. "ఏమన్న కొంటె గద బిడ్డా ధర తెలిసేది" అన్నది. ఆ మాటకు నేను నవ్విన. తర్వాత సిగ్గయింది.

సిగ్గెందుకంటె, 2010ల ఉద్యమంల నేనే ఒక కరపత్రం రాసిన. మన సిక్కా మనకుండె, మన రైలు మనకుండె, 1932ల 27 బస్సులతోని మన బస్సు సర్వీసు మొదలాయె అని. అండ్ల అబద్ధం లేదు. వలసొచ్చిన రాష్ట్రానికి అప్పజెప్పినం అన్న బాధ గూడ నిజమే. కని వెట్టి గురించి ఒక్క వాక్యం రాయలే. రాస్తె మన వాదం పల్చబడుతదని భయపడ్డ. 1946 నుంచి ఊర్లకు ఊర్లు లేచింది ఆ వెట్టి మీదనే. 1952ల ముల్కీ పోరాటంల పోరగాండ్లు అడిగింది గూడ సస్తా చాయ్ కాదు, కొలువు. 2014ల రాష్ట్రం వచ్చింది. ఇయ్యాల పొద్దుగాల ఈ హాలు ఊడ్చిన అక్కను జీతమెంత అని అడిగిన. "ఏజెన్సోడు ఇచ్చినంత" అన్నది.

ఆఖరికి ఒక ముచ్చట. గుమాస్తా తాత లెక్కల పుస్తకం నా దగ్గరుంది. రూపాయలు, అణాలు, పైలు అని మూడు గీతల మధ్య ముత్యాల్లాంటి రాత. బియ్యం, కిరసనాయిలు, పిల్లల బడి ఫీజు అన్నీ ఉన్నయి. ఒక్క వరుసల మాత్రం అంకెలు లేవు. "చాకలామె: జొన్నలు రెండు మానికెలు" అని ఉంది. నెల నెలకు అదే వరుస. ఆమె పేరు ఒక్కసారి గూడ రాయలే. మా అమ్మను అడిగితె ఆమెకు గూడ యాదికి లేదు.

మీ ఇండ్లల్ల ఇసువంటి పుస్తకాలుంటె తూకానికి అమ్మకుండ్రి. నాకు ఖబర్ చేయుండ్రి, వచ్చి రెండు పేజీలు ఫోటో తీసుకొని మళ్ళ మీ చేతిల పెడుత.