అభ్యర్థి నిర్ణయము – ఓట్ల లెక్క
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



విద్యాభివృద్ధిని గూర్చి మాటలాడుమనిన నాకు సులభముగా నుండెడిది. కార్యవర్గమువారు మాత్రము, రాజకీయపక్షములు తమ యభ్యర్థుల నెట్లెన్నుకొనవలెనను విషయమును నా కొసంగిరి. ఇది మనకు దూరపు విషయము కాదు. మన శ్రీకాకుళ, విజయనగర ప్రాంతముల యువకులు వేర్వేరు పక్షములలో పనిచేయుచున్నారు. ఎన్నికలు వచ్చినప్పుడెల్ల ఒక్కొక్క స్థానమునకు ముగ్గురు నలుగురు ఆశపడుదురు. ఒకనికి బీ-ఫారము దక్కును. తక్కినవారు అలిగి యింట కూర్చుందురు, లేదా తిరుగుబాటుదారులై నిలుతురు. వారితో గ్రామములును, ఒక్కొక్కచోట అన్నదమ్ముల యిండ్లును చీలుచున్నవి.

పక్షము తన యభ్యర్థిని ఎట్టి ఓటుతో నిర్ణయింపవలెనో మన దేశమున చట్టము విధింపలేదు. పక్షాధికారి సంతకమే ప్రమాణము. కావున న్యాయమైన నియమము నేర్పరచుకొనుట ఆయా పక్షముల సభ్యుల భారమే. నియమమునకు మూడు ప్రశ్నలు మూలము: ఓటెవరిది? దాని నెట్లు వేయవలెను? ఎన్ని వచ్చిన గెలుపు?

రెండవ ప్రశ్నకు మన పూర్వులే సమాధానము చెప్పియున్నారు. శాలిహుండము, రామతీర్థము కొండలపై బౌద్ధారామముల శిథిలములను మీరు చూచియే యుందురు. బౌద్ధుల వినయపిటకమున, భిక్షుసంఘమున వివాదము పుట్టినపుడు శలాకలను, అనగా పుల్లలను, పంచి అభిప్రాయము గ్రహించు పద్ధతి కలదు. గూఢముగా గ్రహించుట, చెవిలో చెప్పి గ్రహించుట, బహిరంగముగా గ్రహించుట యని అందు మూడు విధములు. పక్షపాతము, ద్వేషము, మోహము, భయము లేనివానినే శలాకలు పంచుట కేర్పరచవలెను. లెక్కించువాడు నిష్పక్షపాతి కానిచో లెక్క యెంత సరియైనను ఫలము చెడునని వారెరుగుదురు.

ఇక మూడవ ప్రశ్న. నూరుగురు ప్రతినిధులు కూడిరనుకొందము. మొదటివానికి 40, రెండవవానికి 35, మూడవవానికి 25 ఓట్లు వచ్చినవి. ఎక్కువ వచ్చినవాడే గెలుపరియనినచో మొదటివాడు గెలిచెను. కాని మూడవవాని పక్షమున నున్న 25 మందియు రెండవవానినే మేలెంచువారైనచో, అతనికి 60 మంది సమ్మతి యున్నట్లే కదా! ఓట్లు మారలేదు, లెక్కించు విధము మారినంతనే గెలిచినవాడు మారెను.

అట్లని హద్దును మితిమీరి పెంచుటయు మేలు కాదు. అమెరికాలో డెమోక్రాటిక్ పక్షమువారు 1832 మొదలు 1936 వరకు, మహాసభలో మూడింట రెండువంతుల ఓట్లు రానిదే యెవ్వరును అభ్యర్థి కారాదను నియమము పాటించిరి. 1844లో వాన్ బ్యూరెన్ అనునతనికి మొదటి విడతలోనే సగమునకు మించి ఓట్లు వచ్చినను అభ్యర్థిత్వము దక్కలేదు. తొమ్మిదవ విడతలో పోల్క్ అనునతడు ఎన్నికయ్యెను. 1924లో న్యూయార్కు నగరమున 103 పర్యాయములు ఓట్లు తీసినపిదప జాన్ డేవిస్ తేలెను. అలసిన పక్షమునకు అభ్యర్థి దొరకెనే కాని, ఆ యేటి ఎన్నికలో గెలుపు దొరకలేదు.

మొదటి ప్రశ్నకు మన తెలుగువారి చరిత్రయే చాలును. 1969లో రాష్ట్రపతి పదవికి నీలం సంజీవరెడ్డిగారిని కాంగ్రెసు పార్లమెంటరీ బోర్డు బెంగుళూరులో బహుమతముచే నిర్ణయించెను. ప్రధాని ఇందిరాగాంధీగారు జగ్జీవన్‌రాంగారిని కోరియుండిరి. నిర్ణయించినవారు వ్రేళ్ళపై లెక్కింపదగినవారు. ఓటు వేయవలసినవారో, దేశమందలి శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు. వరాహగిరి వేంకటగిరిగారు స్వతంత్రులై నిలిచిరి. 1937లో బొబ్బిలి యెన్నికలో బొబ్బిలి రాజావారిని ఓడించినవారును, 1952లో పాతపట్నమునుండి లోక్‌సభకు వెళ్ళినవారును వీరే. ఓటర్లు అంతరాత్మ ప్రబోధము ననుసరింపవచ్చునని ప్రధాని పలికిరి.

మొదటి లెక్కలో గిరిగారికి 4,01,515, రెడ్డిగారికి 3,13,548, దేశ్‌ముఖ్‌గారికి 1,12,769 విలువగల ఓట్లు వచ్చినవి. ఎవరికిని సగము మించలేదు. తగ్గినవారి పత్రములపై నున్న రెండవ కోరికలను పంచి లెక్కింపగా గిరిగారికి 4,20,077, రెడ్డిగారికి 4,05,427 అయ్యెను. 87,967 అంతరము 14,650కి దిగెను. అయినను గెలుపు గిరిగారిదే. సగమునకు పైబడిన సమ్మతి కంటికి కనబడినది కదా! అభ్యర్థిని కొలదిమందిచే నిర్ణయించిన పక్షము మాత్రము ఆ యేడే నవంబరులో రెండుగా చీలెను.

నియమము మంచిదైనను చాలదు. మనస్సును మంచిది కావలెను. 1939 జనవరి 29న కాంగ్రెసు అధ్యక్షపదవికి ప్రతినిధులు ఓట్లు వేయగా, సుభాస్‌చంద్రబోసుగారికి 1,580, మన పట్టాభి సీతారామయ్యగారికి 1,377 వచ్చినవి. లెక్క స్పష్టము. అయినను పెద్దల సహకారము లేనందున గెలిచిన బోసుగారు ఏప్రిలులో పదవిని విడువవలసి వచ్చెను. ఓడిన పట్టాభిగారు 1948లో మరల పోటీచేసి ఆ పదవినే ఓట్లచేత పొందిరి. ఓటమి ఒకనాటిది, ఓటమిని సహింపమి సంస్థను చిరకాలము బాధించును.

ఇప్పుడు మన యింటి మాట. మన సంఘమున కార్యవర్గ మెట్లేర్పడుచున్నది? పేర్లు చదివి, చేతులెత్తుమందుము. తన బిడ్డకు విద్యార్థివేతన మిచ్చుచున్న దాత వేదికపై నుండగా, ఆయన సూచించిన పేరునకు విరుద్ధముగా పేదవాని చేయి లేచునా? వెనుక వరుసలో కూర్చున్న స్త్రీల చేయి లేచునా? పిదప ఏకగ్రీవమని వ్రాసికొందుము. ఏకగ్రీవము శుభమే, మౌనమును ఏకగ్రీవమనుట శుభము కాదు. దాతలు నన్ను మన్నింతురుగాక. వారి గౌరవమును గోరియే యీమాట చెప్పుచున్నాను. భయముచే వచ్చిన సమ్మతి వారి ఔదార్యమునకు మచ్చ.

కావున నా విన్నపములు నాలుగు. ఓటుహక్కుగలవారి జాబితాను సభకు నెలముందే ప్రకటింపవలెను. పత్రమును మరుగున వ్రాసి పెట్టెలో వేయవలెను. ముగ్గురు నిలిచినచో ఒకటి, రెండు, మూడు అని వరుస వ్రాసి, సగము మించినవానినే గెలిచినవానిగా నెంచవలెను. పోటీచేయువారందరు ఫలితమునకు కట్టుబడుదుమని ముందే సంతకము చేయవలెను. ఈ యభ్యాసము మన సంఘమున కుదిరినచో, మన యువకులు తమ తమ పక్షములలోను దీనినే అడుగగలరు. అట్లెన్నికైన అభ్యర్థి మనవాడని కాక, అర్హుడని, అన్ని కులములవారికిని జవాబుదారియని నిలువవలెను.

రాబోవు మహాసభకు ముందే నిబంధనావళిని సవరింపుడని కార్యవర్గమును ప్రార్థించుచున్నాను.